ఉత్తరకుమారుని చూచి నవ్విన నవ్వు

వానలు ముఖం చాటువేసిన సంవత్సరాలలో దేవాలయ మండపంలో విరాటపర్వం చదివించడం తెలుగుదేశంలో తరతరాలుగా వస్తున్న ఆచారం. కాలువనీరు ఎరుగని, ఆకాశాన్నే నమ్ముకొని విత్తనం చల్లవలసిన కనిగిరి వంటి మెట్టసీమలో ఈ ఆచారానికున్న ఆర్తి డెల్టా గ్రామాలలో ఉండదు. పదునెనిమిది పర్వాలలో పర్జన్యుని మనస్సు కరిగించడానికి పెద్దలు ఏరుకొన్నది ధర్మసూక్ష్మాలతో నిండిన శాంతిపర్వమూ కాదు, భగవద్గీతను గర్భంలో దాచుకొన్న భీష్మపర్వమూ కాదు; వంటశాలలో గరిటె పట్టిన భీముడూ, జడవేసుకొని నాట్యం నేర్పే అర్జునుడూ, అంతఃపురంలో ప్రగల్భాలు పలికి రణభూమిలో రథం దిగి పరుగెత్తిన రాజకుమారుడూ కనిపించే విరాటపర్వాన్ని వారు ఏరుకొన్నారు. అనగా భారతమంతటిలోనూ శ్రోతలు నవ్వుకొనడానికి ఎక్కువ తావున్న పర్వమే దేవతల ఎదుట వినిపించదగిన పర్వమని మన పూర్వులు నిశ్చయించుకొన్నారు. ఈ ఎన్నిక నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్నది. నవ్వు దైవానికి ప్రీతికరమైనదేనా? అయితే ఏ నవ్వు? ఒకరిని చూచి మరొకరు నవ్వడం ఎప్పుడు ధర్మమవుతుంది, ఎప్పుడు పాపమవుతుంది?

ఇది నేడు పండితసభలలో మాత్రమే చర్చింపదగిన ప్రశ్నగా మిగలలేదు. ప్రతి రాత్రి భోజనవేళకు ప్రతి ఇంటి గోడమీదా వెలిగే తెరపై ఎవరో ఒకరు నవ్వబడుతున్నారు. హాస్యం రాయాలని, హాస్యచిత్రాలు తీయాలని ఉత్సాహపడే యువకులు మా కనిగిరిలోనూ ఉన్నారు, పామూరులోనూ పొదిలిలోనూ ఉన్నారు. వారికి పంచ్ అంటే ఏమిటో, టైమింగ్ అంటే ఏమిటో, కౌంటర్ ఎక్కడ పడాలో బాగా తెలుసు. మాటకూ మాటకూ నడుమ ఎంత నిశ్శబ్దం ఉండాలో, నవ్వు పుట్టించే పదం వాక్యంలో చిట్టచివర ఎందుకు రావాలో చెప్పే గురువులు వారికి దొరుకుతున్నారు. ఎవరిని చూపి నవ్వించవచ్చునో, నవ్వించిన తరువాత ఆ మనిషిని ఏమి చేయాలో చెప్పేవారు మాత్రం కనబడరు. నా దృష్టిలో హాస్యరచనకు ప్రథమపాఠమూ ప్రధానపాఠమూ ఇదే.

శాస్త్రాన్ని ఆశ్రయిద్దామంటే అక్కడ మొదటనే ఒక ముల్లు గుచ్చుకొంటుంది. నాట్యశాస్త్రంలో భరతముని హాస్యరసానికి కారణాలైన విభావాలను పేర్కొంటూ వికృతవేషం, వికృతాలంకారం, ధార్ష్ట్యం, లౌల్యం, అసత్ప్రలాపం, దోషోదాహరణం మొదలైనవాటి సరసన వ్యంగదర్శనాన్ని కూడా చెప్పినాడు. అవయవలోపం కలవానిని చూడడం కూడా నవ్వుకు హేతువేనట! ఆ ముని లోకస్వభావాన్ని చూచి లక్షణం చెప్పినాడే గాని ఇట్లు చేయవలెనని విధించలేదని సమాధానపడవచ్చు. అంతేకాదు, నవ్వును స్మితం మొదలు అతిహసితం వరకు ఆరు విధాలుగా విభజించి, పెదవి కదిలీకదలని స్మితాన్ని ఉత్తమునికీ, పక్కలు పట్టుకొని కన్నీరు కార్చే నవ్వును అధమునికీ కేటాయించిన తీరులో ఆయన వివేకం స్పష్టంగానే ఉన్నది. ఆయన తరువాత కొన్ని శతాబ్దాలకు కాశ్మీరంలో అభినవగుప్తుడు అనౌచిత్యమే హాస్యానికి మూలమని తేల్చినాడు: ఏ భావమైనా తనకు తగని చోట, తగని పాత్రలో ప్రవర్తిస్తే అది హాస్యమవుతుంది. ఈ సూత్రం నాకు ఎంతో ఊరట కలిగించింది. మనిషి తాను కానిది అయినట్లు నటించినప్పుడు అందులో అనౌచిత్యం ఉన్నది. పుట్టుకతోనో వ్యాధితోనో సంక్రమించిన దేహస్థితిలో అనౌచిత్యం ఎక్కడిది?

ఈ మాట కనిగిరిలో కూర్చుండి రాస్తున్నప్పుడు ఊరకనే రాసినది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు మొట్టమొదట నమోదు చేసినది 1937లో, నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు నాడు ఆ జిల్లాలోనివే, 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే వరకు కనిగిరి నెల్లూరు సీమలోని తాలూకాయే. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉంటే, ఆ నీరు తాగి పెరిగిన బిడ్డల పళ్లు పసుపుబారి, గోధుమరంగు చారలు దేరి, పెచ్చులూడుతాయి. ఏండ్ల తరబడి తాగితే వెన్నెముక బిగుసుకొంటుంది, మోకాళ్లు వంకరపోతాయి. నవ్వు వచ్చినప్పుడు అరచేయి నోటికి అడ్డం పెట్టుకొనే ఆడపిల్లలు ఈ పల్లెలలో ఎందరో. తెరమీద హాస్యగానికి ఎత్తుపళ్లు తగిలించి, వాటికి పసుపు పూసి, వంకరనడక నడిపించి నవ్వులు రాబట్టిన రచయిత ఆ రాత్రి ఈ పల్లెలో ఏ ఇంటి నవ్వును మూయించినాడో అతనికి తెలియదు. తెలిస్తే రాయడనే నా విశ్వాసం. వ్యంగదర్శనం నవ్వుకు కారణమవుతుందని శాస్త్రంలో ఉన్నదని ఇక్కడ ఎవరైనా వాదించదలిస్తే, శాస్త్రానికి ఈ నీటినీ ఈ ఎముకలనూ చూపించి సమాధానమడగవలసి ఉంటుంది.

కాబట్టి మళ్లీ విరాటపర్వానికే రావాలి. నెల్లూరి మంత్రి తిక్కన సోమయాజి భారతరచనకు ఉపక్రమించినది ఈ పర్వంతోనే. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని అట్లే ఉంచి ఆయన ఇక్కడ మొదలుపెట్టినాడు. పదమూడవ శతాబ్దంలో ఆయన తీర్చిన ఉత్తరుని పాత్ర నేటికీ ఊరూరా సామెతగా బ్రతుకుతున్నది. గొప్పలు చెప్పుకొనేవానిని చూచి ఉత్తరకుమార ప్రజ్ఞలనని తెలుగువాడు లేడు. అయితే ఆ సామెత కథలో సగాన్నే గుర్తు పెట్టుకొన్నది. మిగిలిన సగంలో హాస్యశిల్పమూ ఉన్నది, హాస్యధర్మమూ ఉన్నది.

కౌరవులు ఉత్తరగోగ్రహణానికి వచ్చినారన్న వార్త విన్నప్పుడు ఉత్తరుడు స్త్రీల నడుమ కూర్చుండి, తగిన సారథి ఒక్కడు దొరికితే భీష్మద్రోణాదులను గెలిచి గోవులను మరలిస్తానని, తన్ను చూచి అర్జునుడే వచ్చినాడని శత్రువులు భ్రమిస్తారని పలికినాడు. అతని శౌర్యానికి రక్షణ అతడు చెప్పిన సాకులోనే ఉన్నది: సారథి లేడు. ఆ మాట విని సహించలేని ద్రౌపది, నాట్యం నేర్పే బృహన్నల సారథ్యం ఎరుగునని చెప్పించి, ఆ సాకును సున్నితంగా తొలగించింది. ఇక అతడు యుద్ధానికి పోక తప్పదు. ఏ దుష్టుడూ కుట్ర పన్నకుండా, ఏ అబద్ధమూ ఆడకుండా, మనిషిని అతని మాటే కొనిపోయి చిక్కులో పడవేసిన ఈ ఘట్టం కంటె మేలైన హాస్యసన్నివేశ రచనాపాఠం నాకు తెలియదు.

తరువాత జరిగిన చిన్న సంగతిని మనం తరచుగా దాటిపోతాము. యుద్ధానికి బయలుదేరేముందు అర్జునుడు కవచం తొడుగుకొనడం రానివానివలె దానిని తలకిందులు చేసి, తడబడి, అంతఃపుర కన్యలందరినీ కిలకిల నవ్వించినాడు. ఇంద్రుని వద్ద అస్త్రాలు నేర్చినవాడు, నివాతకవచులను గెలిచినవాడు, ఆడపిల్లల ఎదుట తన్ను తాను నవ్వుకు ఒప్పగించుకొన్నాడు. మరికొంత సేపటిలో ఉత్తరుని చూచి లోకం నవ్వబోతున్నది. దానికి ముందే అర్జునుడు తానే ఆ స్థానంలో నిలబడి చూచినాడు. భరతుడు ఆత్మస్థమనీ పరస్థమనీ హాస్యాన్ని రెండుగా చెప్పినప్పుడు ఆయన ఉద్దేశం వేరు కావచ్చును గాని, ఆత్మస్థానికి సిద్ధపడనివానికి పరస్థంలో అధికారం లేదని ఈ ఘట్టం వలన నేను గ్రహించినాను. ఆ సమయంలోనే రాజకుమార్తె ఉత్తర తన బొమ్మపొత్తికలకు కౌరవవీరుల రంగురంగుల వస్త్రాలు తెచ్చిపెట్టమని అడిగింది. విన్నవారికి అది పసితనపు ముచ్చట. దానిని మనస్సులో ఉంచుకొందాము.

కౌరవసేనను చూడగానే ఉత్తరునికి గగుర్పాటు కలిగింది, అవయవాలు వణికినాయి. రథం దిగి పరుగెత్తినాడు. ఎఱ్ఱని వస్త్రాలు, పొడవైన జడ గాలికి ఎగురుతుండగా బృహన్నల అతని వెంటపడగా చూచి కౌరవసైనికులు పకపక నవ్వినారు. అర్జునుడు అతనిని పట్టుకొన్నప్పుడు ఆ కుమారుడు బంగారమిస్తాను, మణులిస్తాను, ఏనుగులిస్తాను, విడిచిపెట్టమని ఏడ్చినాడు. అర్జునుడు నవ్వినాడు. ఇక్కడ వ్యాసుడు కూడా నవ్వెననే చెప్పినాడు, దాచలేదు. నవ్వుతూనే అతనిని రథం వద్దకు తెచ్చి, యుద్ధం నేను చేస్తాను, పగ్గాలు నీవు పట్టుమని, ఆ భీరువును తన ఎదుట, తనకంటె ముందు, బాణాలకు మొదట ఎదురయ్యే సారథిపీఠంపైన కూర్చుండబెట్టినాడు. ఇంటికి పంపలేదు, నీచోక్తి ఆడలేదు, పని అప్పగించినాడు.

యుద్ధం ముగిసిన తీరు మరింత విశేషం. సమ్మోహనాస్త్రంతో కౌరవవీరులు స్పృహ తప్పి పడియున్నప్పుడు, చెల్లెలు కోరిన వస్త్రాలు తెమ్మని అర్జునుడు ఉత్తరునే పంపినాడు. భీష్మునికి ఈ అస్త్రానికి ప్రతిక్రియ తెలుసు గనుక ఆయన గుఱ్ఱాలను ఎడమవైపు ఉంచి పొమ్మని హెచ్చరించినాడు కూడా. ప్రొద్దున ఎవరిని చూచి ప్రాణభయంతో పరుగెత్తినాడో, వారి నడుమనే నడచిపోయి, ద్రోణకృపుల తెల్లని బట్టలు, కర్ణుని పసుపుబట్ట, అశ్వత్థామ దుర్యోధనుల నీలివస్త్రాలు చేతులారా తీసికొని వచ్చినాడు. మొదట పసిపిల్ల ముచ్చటగా నాటిన బీజం ఇక్కడ ఫలించింది. నవ్విన సైన్యం వస్త్రాలు బొమ్మలకు చీరలైనాయి, నవ్వబడినవాడు వాటిని మోసికొని వచ్చినాడు. ప్రారంభంలో అలక్ష్యంగా జారవిడిచిన మాట అంతంలో తిరిగి రావాలని నేటి చిత్రకథారచయితలు పదే పదే చెప్పుకొనే సూత్రానికి ఇంత సంపూర్ణమైన ఉదాహరణ మన ఇంటిలోనే ఉన్నది.

అంతటితోనూ కథ ఆగలేదు. గోపాలకులు నగరానికి వచ్చి ఉత్తరుడే గెలిచినాడని చాటినారు. విరాటుడు పొంగిపోయినాడు, బృహన్నల తోడుంటే విజయం కలుగకేమని పలికిన కంకుని, అనగా మారువేషంలోని ధర్మరాజును, పాచికతో కొట్టి రక్తం చిందించినాడు కూడా. కీర్తి మొత్తం ఉత్తరుని ఒడిలో వచ్చి పడింది, కాదనవలసిన అవసరం ఎవరికీ లేదు. అప్పుడా ప్రగల్భశీలుడు తండ్రి ఎదుట నిలిచి, నేను గెలవలేదు, ఒక దేవపుత్రుడు గెలిచినాడని నిజం చెప్పినాడు. ఉదయం చేయని యుద్ధాన్ని చేసినట్లు పలికిన నోటితో, చేతికి వచ్చిన యశస్సును కాదన్నాడు. శిక్షించి ఎవరూ అతనిచేత ఈ మాట చెప్పించలేదు. ఒకనాడు ఒక మహావీరుడు తన్ను చూచి నవ్వి, నవ్వి విడిచిపెట్టక, తన సరసన కూర్చుండబెట్టుకొన్నందువలన ఆ నోట సత్యం పుట్టింది. ఆ తరువాత కురుక్షేత్రంలో మొదటి దినముననే, ఏనుగునెక్కి శల్యునితో ముఖాముఖి పోరాడి, వెన్నుచూపక మరణించినవాడు ఈ ఉత్తరుడే.

ఇదే భారతంలో మరొక నవ్వున్నది. మయసభలో దుర్యోధనుడు నేలను నీరనుకొని బట్టలెత్తుకొన్నాడు, నీటిని నేలనుకొని అందులో పడ్డాడు. భీముడు మొదలైనవారు నవ్వినారు. చెలికత్తెలతో కూడి ద్రౌపది నవ్విందని, అది తన మనస్సును దహిస్తున్నదని దుర్యోధనుడే తండ్రితో చెప్పుకొన్నాడు. సన్నివేశాన్ని చూస్తే రెండూ సమానమే: గర్విష్ఠియైన రాజపుత్రుడు, అతని భ్రాంతి, పాటు, చూచేవారి నవ్వు. మయసభలో అతనికి పొడిబట్టలైతే ఇచ్చినారు గాని పడినవాడు లేచిన తరువాత అతనిని ఊరడించే మాట ఎవరూ పలుకలేదు. ఆ నవ్వు అక్కడనే నిలిచిపోయింది, పదమూడేండ్లు మాగి పదునెనిమిది అక్షౌహిణులను తిన్నది. దుర్యోధనుని దోషాన్ని నేను తగ్గించి చెప్పడం లేదు. అసూయ అతనిలో అంతకుముందే ఉన్నది. కాని ఆ అసూయకు కారణమడిగినవారికి చూపడానికి అతనికి ఒక గాయం దొరికింది.

ఇక ఈ విషయంలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా కదిలించినది గీతారంభం. రెండు సేనల నడుమ అర్జునుడు విల్లు జారవిడిచి, అవయవాలు సడలి, నోరెండి, గగుర్పాటు కలిగిందని చెప్పుకొని రథంలో కూలబడినాడు. ఉత్తరుడు చెప్పుకొన్న లక్షణాలు ఇవే. అదే కౌరవసేన, యుద్ధం చేయలేనని అదే మాట. సారథి మాత్రం మారినాడు. కారణం భిన్నమే, ఒకనిది ప్రాణభీతి, మరొకనిది బంధువధభీతి. అయినా దూరంనుంచి చూచేవారికి ఆ రూపం ఒకటే. అప్పుడు శ్రీకృష్ణుడు నవ్వుచున్నవానివలె పలికినాడని వ్యాసుడు రాసినాడు. గీతోపదేశానికి ముందు వచ్చినది ఒక చిరునవ్వు. ఒకనాడు భయపడినవానిపై అర్జునుడు ఎటువంటి నవ్వు నవ్వినాడో, తన వంతు వచ్చినప్పుడు భగవంతుడు అతనిపై అటువంటి నవ్వే నవ్వినాడు. ఉత్తరునికి పగ్గాలు అప్పగించినట్లే అతనికి విల్లు తిరిగి అప్పగించినాడు. అర్జునుడు ఆనాడు కౌరవసైనికులతో కలిసి పరిహసించి ఉంటే, కురుక్షేత్రంలో ఆ చిరునవ్వును అనుగ్రహంగా గుర్తించగలిగేవాడా అని నాకు సందేహం. నవ్వు దైవానికి ప్రియమేనా అన్న ప్రశ్నకు నాకు తోచిన ఉత్తరం ఇక్కడున్నది: దైవం కూడా నవ్వుతుంది, ఎత్తి నిలబెట్టడానికి చేయి చాచి నవ్వుతుంది.

మన చలనచిత్రాలలో ఈ ధర్మాన్ని ఎరిగి పాటించినవారు లేకపోలేదు. శంకరాభరణానికి సంభాషణలు రాసిన జంధ్యాల 1981లో ముద్దమందారంతో దర్శకుడై, 1984లో శ్రీవారికి ప్రేమలేఖ, 1987లో అహ నా పెళ్లంట తీసినాడు. అహ నా పెళ్లంటలో కోట శ్రీనివాసరావు ధరించిన పిసినారి కప్పునుంచి కోడిని వేలాడదీసి దానిని చూస్తూ అన్నం తినే దృశ్యం తెలుగువారు మరువనిది. అక్కడ నవ్వుకు పాత్రమైనది లోభం. అది మనిషి ఎంచుకొన్న దోషం, మానుకొనదలిస్తే మానుకొనగలది. ఆ పిసినారి కింద అరగుండుగా నలిగిన నౌకరుకు జంధ్యాల ఒక వరం ఇచ్చినాడు: యజమానిని మనసారా తిట్టుకొనే ఊహలు. ఆ తిట్లలో ప్రేక్షకులందరూ గొంతు కలిపినారు. నౌకరు వేషం వికృతమే, కాని జనం అతని పక్షాన నిలబడి నవ్వినారు. సత్తెనపల్లి ప్రాంతంనుంచి వచ్చిన తెలుగు అధ్యాపకుడు బ్రహ్మానందం ఆ పాత్రతోనే ఇంటింటి మనిషి అయినాడు.

మా ఒంగోలు సీమవాడే ధర్మవరపు సుబ్రహ్మణ్యం. అద్దంకి ప్రాంతపు కొమ్మినేనివారిపాలెంలో పుట్టి, ఒంగోలులో చదువుకొని, దూరదర్శన్ కాలంలో ఒక హాస్య ధారావాహికతో తెలుగు ఇండ్లలో ప్రవేశించినాడు. దాని పేరు తైత్తిరీయోపనిషత్తులోనిది, ఆనందో బ్రహ్మ. అన్నం, ప్రాణం, మనస్సు, విజ్ఞానం అనే మెట్లు ఒక్కొక్కటే దాటి భృగువు చిట్టచివర తెలిసికొన్న తత్త్వం అది. అంత పెద్ద పేరును కొద్ది నిమిషాల నవ్వులకు పెట్టడం సాహసమే, అయినా ఆ నవ్వులలో ఎవరి మనస్సూ నొచ్చినట్లు నాకు స్ఫురించదు. తరువాత నువ్వు నేను వంటి చిత్రాలలో ఆయన వేసిన అధ్యాపకుడు, ఇంకా ఎన్నో చిత్రాలలోని అధికారులు, తమకు అన్నీ తెలుసునని నమ్మినవారు. ఎదుటివాడు ఆ నమ్మకాన్ని ఒక చిన్న మాటతో కదిలించినప్పుడు ఆ ముఖంలో కలిగే కలవరమే మనకు నవ్వు. దేహంతో దానికి పని లేదు. తోకలేని పిట్ట అనే చిత్రానికి దర్శకత్వం కూడా వహించిన ఆ నటుడు 2013 డిసెంబరులో కాలం చేసినాడు. ఒంగోలు గొంతును దాచుకోకుండా, దానిని హేళన చేయకుండా తెరపై నిలిపినందుకు ఈ సీమ ఆయనకు ఋణపడి ఉన్నది.

దేవతలను చూచి నవ్వడం తప్పా అని ఆస్తికులు అడిగే ప్రశ్నను కూడా ఇక్కడ తడవి పోవాలి. యమభటుడు పొరపాటున వేరొకరి ప్రాణం కొనిపోగా, యోగి దేహంలో వేశ్య జీవమూ వేశ్య దేహంలో యోగి జీవమూ చేరిన కథను భగవదజ్జుకీయమనే ప్రాచీన సంస్కృత ప్రహసనం ఎప్పుడో ప్రదర్శించింది. 1977లో యమగోల, 1988లో యముడికి మొగుడు, 1994లో యమలీల ఆ మార్గంలోనివే. మూడింటా యముడు కైకాల సత్యనారాయణే. ఆయన యముడు తికమకపడినాడు, కోపించినాడు, ఓడిపోయినాడు కూడా, కాని ఒక్క క్షణమైనా అల్పుడు కాలేదు. ఆ కంఠస్వరంలో యమధర్మరాజు గాంభీర్యం చెక్కుచెదరలేదు. మృత్యువును చూచి నవ్విన ప్రేక్షకులు బయటికి వచ్చి గుడిలో దండం పెట్టుకొన్నారు. భయపెట్టేవానిని చూచి నవ్వితే మనకు ధైర్యం కలుగుతుంది, ఆయనకు కొరత రాదు. భయపడుతున్నవానిని చూచి నవ్వినప్పుడే లెక్క చూచుకొనవలసి ఉంటుంది.

నేటి స్కిట్‌కు ఒక ఇబ్బంది ఉన్నది, దానిని నేను కాదనను. కొద్ది నిమిషాలలో మనిషిని పడవేయడానికే వ్యవధి చాలదు, లేవనెత్తడానికి ఎక్కడిది? పడిన చోటనే గంట మోగుతుంది, చప్పట్లు పడతాయి, మరొక బృందం వస్తుంది. అయినా రచయిత చివరి రెండు మాటలను నవ్వబడినవానికి ఇవ్వవచ్చును. దర్శకుడు నవ్వేవారి ముఖాలమీదికి పరుగెత్తే కెమెరాను ఇంకొక క్షణం ఆ మనిషి ముఖంమీద నిలుపవచ్చును. ఆ క్షణంలో అతడు తానూ నవ్వితే ప్రేక్షకునికి ఒక సంగతి తెలుస్తుంది, తల దించుకొంటే మరొకటి తెలుస్తుంది. ఏది తెలియాలో నిర్ణయించేది దర్శకుడే. స్త్రీవేషం వేసిన పురుషుని చూపి నవ్వించడమే వృత్తిగా పెట్టుకొన్నవారు బృహన్నల జడను చూచి నవ్విన సైన్యం సాయంకాలానికి ఏ స్థితిలో పడియున్నదో ఒకసారి స్మరించుకోవాలి.

హాస్యం రాస్తున్న, రాయదలచిన యువకులకు నాదొక విన్నపం. తిక్కన విరాటపర్వంలోని ఉత్తరగోగ్రహణ ఘట్టాన్ని మొదటినుంచి తుదివరకు, బొమ్మపొత్తికలు తెచ్చియిచ్చే దాకా, ఒకసారి చదవండి. చదివిన తరువాత మీ చేతిలో ఉన్న ప్రతిని ముందు పెట్టుకొని, అందులో పళ్ల రంగుమీద, నడక వంకరమీద, ఒంటి చాయమీద, నత్తిమీద ఆధారపడిన మాట ఎక్కడైనా ఉంటే దానిని ఈ రాత్రికే కొట్టివేయండి.